అలాగే ఆచారి, నల్లరాయి

సిరివరం టంకశాలలో నాణేలు కొట్టించే భద్రాచారి అనే పెద్ద ఉండేవాడు; పనిలో దిట్ట, కానీ ఎవరేమడిగినా కాదనలేని మొహమాటస్తుడు. ఏమడిగినా ‘అలాగే’ అనేవాడు. అందుకే ఊళ్లో అందరికీ ఆయన ‘అలాగే ఆచారి’.

ఆ టంకశాల ఎందుకు పుట్టిందో ముందు చెప్పాలి. ఒకప్పుడు అక్కడ ఏ షావుకారు నాణెం వాడిదే. తూర్పువీధి నాణెం పడమటివీధిలో చెల్లేది కాదు. ఇది చూడలేక రాజుగారి ముత్తాత రాజ్యానికంతటికీ ఒకే టంకశాల కట్టించి, గుమ్మం ముందు ఒక నల్లరాయి పాతించాడు. కొత్త నాణెం ఏదైనా ఆ రాయి మీద వేస్తే ఖంగుమనాలి. మోగలేదా, మళ్లీ కుంపట్లోకే. ఆ మోత మీద నమ్మకంతోనే సముద్రతీరం నుంచి ఉప్పుబండ్లు కూడా సిరివరం వచ్చేవి.

ఒక ఏడు విజయభూపతి మహారాజుకు స్వామివారి కల్యాణం తొమ్మిది రోజులు కనీవినీ ఎరగనట్టు చేయాలనిపించింది. ఖజానాలో చూస్తే అంత వెండి లేదు.

“ఆచారీ, ఈ ఒక్కసారికి సగం రాగి కలిపి కొట్టు. దేవుడి పనికి కాదంటావా?” అన్నాడు రాజు.

ఆచారి తల వంచి, “అలాగే ప్రభూ” అన్నాడు.

మరి నల్లరాయి ఊరుకుంటుందా? దానికీ ఉపాయం ఆలోచించాడు. రాయికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, పట్టుగుడ్డ చుట్టి, బంతిపూలతో కప్పేశాడు. జనం దణ్ణం పెట్టుకుని పోతున్నారే గానీ, దేవుడిలా కూర్చున్న రాయి మీద నాణెం విసిరేదెవరు?

నాలుగు రోజులు ఏనుగుల ఊరేగింపులతో, బాణసంచాతో ఊరంతా సంబరమే. అందరి మొలలోనూ నాణేలే. అయిదోనాడు ఆచారి భార్య మాణిక్యమ్మ సంతనుంచి ఖాళీ బుట్టతో వచ్చింది.

“ఒక్క నాణెం గుమ్మడికాయ ఇప్పుడు నాలుగు నాణేలట. అదేమిటే అంటే, ‘మీ ఆయన గుమ్మడికాయల కన్నా నాణేలే ఎక్కువ కాయిస్తున్నాడమ్మా’ అంది కాయలమ్మే ఆవిడ. ఇంకో మాట. ఉప్పుబండ్లు పొలిమేరలోంచే తిరిగిపోయాయి. రాయి మీద మోగించి చూపని నాణెం వాళ్లు పుచ్చుకోరట.”

ఆ రాత్రి ఆచారికి అన్నం సయించలేదు. ఇంట్లో ఉప్పు కూడా లేదనుకోండి.

ఏడోనాడు రాజు ప్రసాదం నోట్లో వేసుకుని మొహం చిట్లించాడు. “పులిహోరలో ఉప్పేదయ్యా?”

“మూడు రోజులుగా స్వామి కూడా చప్పిడే తింటున్నాడు ప్రభూ” అన్నాడు పూజారి. “ఉప్పు దొరకడం లేదు.”

“అంతేనా? ఆచారీ, ఇంకో రెండింతలు కొట్టు. ఎంతడిగితే అంత పారేద్దాం.”

అలవాటుగా ‘అలా...’ అని ఆచారి నోట్లోంచి సగం మాట జారింది. మిగతా సగం మింగేశాడు. చేతిలో ప్రసాదం ఉన్న రాజును టంకశాల గుమ్మానికి తీసుకెళ్లి, తన చేత్తోనే పూలు తీసి, పట్టుగుడ్డ లాగేసి, కొత్త నాణెం రాయి మీద వేశాడు. తడిమట్టి ముద్ద పడ్డట్టు ‘తప్’మంది.

“ఇక ఒక్కటి కూడా కొట్టను ప్రభూ. నా తల తీసినా సరే. స్వామి మనల్ని ఏనుగులు అడగలేదు, బాణసంచా అడగలేదు. ఆయన పేరు చెప్పి ఊరి నమ్మకాన్ని కల్తీ చేశాం. మొదటి తప్పు నాదే. ఆ రోజే కాదనాల్సింది.”

రాజు కళ్లు ఎర్రబడ్డాయి. అంతలో చేతిలోని చప్పిడి పులిహోర మీద చూపు పడింది. ఇన్ని నాణేలు కొట్టించీ చిటికెడు ఉప్పు కొనలేకపోయానని ఫక్కున నవ్వేశాడు.

ఆ సాయంత్రమే కోటలోని వెండిపళ్లాలు, వెండి ఊయల కుంపటికెక్కాయి. రాగి కలిపిన నాణేలకు బదులు జనానికి మోగే నాణేలు ముట్టాయి. ఆ మోత విని ఉప్పుబండ్లు మళ్లీ ఊళ్లోకి వచ్చాయి. తొమ్మిదోనాటి పులిహోర ఎంత రుచిగా ఉందో, రాజు మూడుసార్లు చెయ్యి చాచాడు.

“ఆచారీ, ఇకమీదట టంకశాల తాళంచెవి నీ దగ్గరే ఉంచు. నేనడిగినా ఇవ్వకు” అన్నాడు.

“అలాగే ప్రభూ” అన్నాడు ఆచారి. ఈసారి ఆ మాటకు ఊరంతా నవ్వింది.

నీతి: పదిమంది నమ్మకానికి కాపలా ఉన్నవాడు, రాజు అడిగినా, దేవుడి పేరు చెప్పి అడిగినా, కాదనవలసిన చోట కాదనాలి.