చుక్కల గుర్రానికి చెప్పుకున్న కోడలు

అనగా అనగా, మనుషుల కన్నా ముందు గుర్రాలకి వడ్డించే ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక రాజు. రాజుకి నూరు గుర్రాలు. నూరు గుర్రాల్నీ చూసుకునే శాలపెద్ద అక్కులయ్య. అక్కులయ్యకో కోడలు, పేరమ్మ. ఊ కొట్టండర్రా, నేనేమన్నా గోడకి చెబుతున్నానా? శేషూ, నీ కాలు చెల్లి మీంచి తియ్యి ముందు.

పేరమ్మ పొద్దున్నే లేచి ఉలవలు ఏరేది. ఏరినవి నానేసేది, నానినవి ఉడకేసేది, ఉడికినవి వార్చేది. వార్చిన కట్టుతో మామగారికి చారు, ఉలవలేమో గుర్రాలకి. చూశారా, గింజ గుర్రానికీ నీళ్ళు మామగారికీ! అయినా ఆయన లొట్టలేసుకుంటూ తాగేవాట్ట.

ఆ రోజుల్లో కోడలు మామగారితో ఎదురుపడి మాట్లాడకూడదు. మీ అమ్మలాగ, మామయ్యగారూ ఆ టీవీ కాస్త తగ్గించండి అంటే ఊరంతా పోగయ్యేది. ఏదన్నా చెప్పాలంటే అత్తగారి చేత చెప్పించాలి. పేరమ్మకి అత్తగారు లేదు. మొగుడేమో మందని తోలుకుని కొండమేతకి పోతే నెలకోసారి గాని రాడు. ఇంక ఎవరితో చెబుతుంది? ఇల్లూ శాలా ఒకటే కప్పు కింద కదా, గుర్రంతో చెప్పేది. ఏమే గుర్రమా, అన్నం చల్లారిపోతోందే అనేది. గుర్రం కదిలేది కాదు, మామగారు లేచి కాళ్ళు కడుక్కునేవాడు.

ఇలా ఉండగా ఒకనాడు దూరదేశం నించి గుర్రాల వర్తకుడు ఒకడు పెళ్ళాంతో సహా వచ్చాడు. వాడి దగ్గర ఒక ఆడగుర్రం. నల్లటి ఒళ్ళంతా తెల్లటి చుక్కలు. అలికిన వాకిట్లో ముగ్గుకి చుక్కలు పెట్టి, గీతలు కలపడం మరిచిపోయినట్టు ఉందిట. కొందరు జబ్బన్నారు, కొందరు బొల్లన్నారు. రాజు మాత్రం చూసి కళ్ళార్పలేదు.

మగాళ్ళంతా బేరంలో పడ్డారు. పేరమ్మ ఏం చేసిందీ? వర్తకుడి పెళ్ళాన్ని పక్కకి పిలిచి, పెళ్ళిచూపులకి వచ్చినదానిలా ఆరా తీసింది. దీని తల్లి ఎలాంటిది, చిన్నప్పుడు ఎలా ఉండేది, ఏమన్నా రోగాలున్నాయా అని. ఆవిడ అంతా చెప్పింది. ఇది చుక్కల జాతమ్మా, దీని తాతముత్తాతలు ఎడారులు దాటి, నదులు దాటి, కొండలు దాటి వచ్చాయి. జబ్బనుకున్న వాళ్ళు తరిమారు, అందమనుకున్న వాళ్ళు దండలేశారు. గుణం మెత్తన, కాలు గట్టి, రాళ్ళల్లో కూడా తడబడదు. మసకచీకట్లో మాత్రం చూపు తక్కువ. తోకంటావా, మా అత్తగారి జడ, నాలుగే వెంట్రుకలు. దీని పిల్లలు కొన్ని చుక్కల్లేకుండా పుడతాయి, గాభరా పడకు. మొదటిసారి బొచ్చు రాలాక చుక్కలు బయటపడతాయి. అంతవరకూ గిట్టలు చూసుకో, నిలువు చారలుంటాయి. మన కళ్ళకి మల్లే నల్లగుడ్డు చుట్టూ తెల్లగా ఉంటుంది. మూతి మీద మచ్చలుంటాయి అని. కుమారీ, నిద్రపోయావా? లేదూ? మరి ఊ అనవేం?

రాజు ఆ గుర్రాన్ని కొని శాలలో కట్టించాడు. పదకొండు నెలలు గడిచాయి. గుర్రం ఈనింది. పిల్ల ఎలా ఉందీ? బొగ్గు. ఒక్క చుక్క లేదు! చుక్కల పిల్లని చూద్దురుగాని రమ్మని రాజు అప్పటికే చుట్టుపక్కల రాజులందరికీ కబురు పెట్టేశాడు. అక్కులయ్య నెత్తిన చెయ్యి పెట్టుకు కూలబడ్డాడు. పిల్లని మార్చి అమ్ముకున్నానంటారు, నా బతుకు బజారున పడుతుంది అని ఏడ్చాడు.

పేరమ్మ గుర్రం దగ్గరికెళ్ళి గట్టిగానే చెప్పింది. ఏమే గుర్రమా, చుక్కలు తరవాత వస్తాయే, పిల్ల గిట్టలు చూడమనవే అని. అక్కులయ్య చెవికెక్కితేనా? అన్నం మాటైతేనే వినపడేది ఆయనకి! పాపం, బాలింత గుర్రానికి ధైర్యం చెబుతోంది కాబోలు అనుకున్నాడు. అనుకుని, సున్నం డబ్బా తెచ్చాడు. తెచ్చి, మూపున ఒకటి, వీపున ఒకటి, తొడకి రెండు, తోకకి మూడు, పిల్ల ఒళ్ళంతా చుక్కలు పెట్టేశాడు.

రాజు వచ్చాడు. మురిసిపోయి పిల్ల వీపు నిమిరాడు. చెయ్యి చూసుకుంటే తెల్లగా ఉంది. ఇంకేముంది! దొంగా, అసలు పిల్లని ఎవరికి అమ్మావురా, పొద్దుగూకే లోపు ఊరు వదిలి పో అన్నాడు.

అప్పుడు పేరమ్మ కొంగు నిండా కప్పుకుని పిల్ల పక్కకొచ్చి నిలబడింది. గుర్రప్పిల్లా, మా మామగారు దొంగ కాదే, వట్టి పిరికివాడే, నీ గిట్ట రాజుగారికి చూపించవే అంది. రాజుకి ఏం పాలుపోలేదు. ఆయన కూడా పిల్లనే అడిగాడు, ఏమిటే నీ గిట్టలో గొప్ప అని! నవ్వకండర్రా, ఆ కోడలి పద్ధతి ఆయనా పాటించాలి కదా. నూరు గుర్రాల గిట్టలూ ఎత్తించి చూశారు. చారల గిట్టలు తల్లికున్నాయి, పిల్లకున్నాయి, ఇంక దేనికీ లేవు. రాజు మెత్తబడ్డాడు. సరే, బొచ్చు రాలేదాకా చూస్తాను, చుక్క పొడవకపోతే మామా కోడలూ ఇద్దరూ పొండి అన్నాడు.

నెల పోయింది, రెణ్ణెల్లు పోయాయి, చుక్క లేదు. అక్కులయ్య రోజూ చూసేవాడు. ఒకనాడు చుక్క చుక్క అని గంతులేశాడు. తీరా చూస్తే పిండి. ఇంకోనాడు కాకిరెట్ట! చివరికి ఎండాకాలం వచ్చింది. పాత బొచ్చు గుప్పెళ్ళతో ఊడింది. కింద, తొడ మీద, నువ్వుగింజంత తెలుపు. నువ్వుగింజ ఉలవగింజంతయింది, ఉలవగింజ కందిగింజంతయింది, కందిగింజ రూపాయంతయింది. వారానికి ఒళ్ళంతా చుక్కలే!

రాజు వచ్చి, తన చేత్తో రుద్ది రుద్ది చూసుకున్నాడు. ఈసారి రాలేదు తెలుపు. నీకేం కావాలో కోరుకో అక్కులయ్యా అన్నాడు. అక్కులయ్య ఏమీ కోరుకోలేదు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ మొదటిసారి కోడలి వైపు తిరిగాడు. అమ్మా పేరమ్మా, ఇకనించి నీకేం కావాలన్నా నాతోనే చెప్పు. గుర్రానికి చెబితే గుర్రం వింటోంది, నేను సున్నం పూస్తున్నాను అన్నాడు.

పేరమ్మ కొంగు సవరించుకుంది. తరవాత మెల్లిగా అడిగింది. "మామయ్యగారూ, ఒక్కసారి మా అమ్మని చూసొస్తాను. మూడేళ్ళుగా చెబుతూనే ఉన్నాను, ఈ గుర్రాలకి."

అక్కులయ్య వెంటనే లేచాడుట. పెందరాళే, ఇంకా వెలుగుండగానే, రాజునడిగి చుక్కల తల్లిగుర్రం మీద కోడల్ని ఎక్కించాడు. పిల్ల వెనకాల గెంతుకుంటూ వచ్చింది. కళ్ళెం తనే పట్టుకుని, ఆ రాళ్ళదారంతా కాలినడకన కోడల్ని పుట్టింటికి తీసుకెళ్ళాడు. దారి పొడుగునా ఆవిడ మూడేళ్ళ మాటలు చెప్పింది, ఆయన విన్నాడు.

అంచేత, ఇంట్లో మనిషి మీ ముందు పిల్లితోనో కుక్కతోనో మాట్లాడుతుంటే, ఒకసారి మీరూ చెవి ఒగ్గండి. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లోకి దూరండి.