చిట్టి చెవుల తంగేడు

అనగనగా మనుషులెవరూ ఎక్కని ఒక గుట్ట. ఆ గుట్ట మీద జంతువులు కూడా ఏటా బతుకమ్మ ఆడేవి. నమ్మరా? అయినా వినండి. లేళ్లు గునుగు పూలు తెచ్చేవి, ఉడతలు గుమ్మడి పూలు తెచ్చేవి. మొదటి వరుస తంగేడు మాత్రం కుందేలు అమ్మమ్మే పేర్చాలి. తంగేడు లేనిదే ఆట లేదు, అది ఆ గుట్ట కట్టుబాటు.

ఆ ఏడు వాగు పొంగి, ఇంటి పక్క తంగేడు పొదల్ని ఊడ్చుకుపోయింది. అమ్మమ్మకేమో కాలు బెణికింది.

"నేను తెస్త అమ్మమ్మా!" అంది మనవరాలు బుజ్జెమ్మ.

బుజ్జెమ్మవి చింతాకంత చెవులు. దాని అన్నలు పకపకా నవ్వారు. "చెవులే సక్కగ రాలే, పూలు తెస్తదట! మేం మోపు తెస్తం చూడు!" అంటూ పరుగు తీశారు.

బుజ్జెమ్మ పసుపు పువ్వు కనబడగానే కోసుకొచ్చింది.

"ఇది పల్లేరు బిడ్డా," అంది అమ్మమ్మ, దాని కాలిలో ముళ్లు మెల్లగా తీస్తూ. "ఇది నేల మీద పాకుతది. తంగేడు నిలబడే పొద. పువ్వొక్కటే చూస్తె ఎట్ల?"

ఈసారి నిలబడ్డ పొద వెతికి, కొమ్మే తెచ్చింది.

"ఆకు నలిపి చూడు," అంది అమ్మమ్మ.

నలిపింది. అబ్బ, ఏం కంపు!

"ఇది కసింద. చూపుకు చుట్టమే, వాసనకు కాదు."

పొద్దు వాలుతోంది. అన్నలు తప్ప అందరూ వచ్చి కూర్చున్నారు. తాంబాలం ఖాళీగా ఉంది. బుజ్జెమ్మ కళ్లు నిండాయి. "నా వల్ల ఈ ఏడు బతుకమ్మ లేకుంట పోతదా?"

అమ్మమ్మ దాని చెవులు నిమిరింది. "తంగేడుకు, నీకు ఒక పోలికుంది. నేను చెప్ప. పోయి నువ్వే చూసుకో."

బుజ్జెమ్మ ఈసారి తొందరపడలేదు. ఒక పొద ముందు కూర్చుంది. ఆకు నలిపింది, కంపు లేదు. కాయ పట్టుకుంది, పలచగా, బల్లపరుపుగా ఉంది. మరి పోలిక? ఆకు కాడ మొదట్లో చూసింది. అటొకటి ఇటొకటి, గుండ్రంగా రెండు చిట్టి చెవులు! ప్రతి ఆకుకూ ఉన్నాయి!

"నా చెవులే!" అని గంతేసింది.

అది ఒడి నిండా పూలతో వచ్చేసరికి అన్నలు మోపు దించుతున్నారు. అంతా కసిందే. నెమలి ముక్కు తిప్పుకుంది, లేళ్లు దూరం జరిగాయి. అన్నలు తల వంచుకున్నారు.

అమ్మమ్మ వాళ్లను కసరలేదు. "రేపు చెల్లె వెంబడి పోయి నేర్చుకోండి," అని, తాంబాలం బుజ్జెమ్మ ముందుకు జరిపింది. "మొదటి వరుస నువ్వే పేర్చు, నా తల్లీ."

ఆ రాత్రి గుట్టంతా బతుకమ్మ ఆడింది.

పిల్లలూ, రంగు చూసి తెలిసిందనుకునేవాడు మోసపోతాడు. దగ్గర కూర్చుని ఆకూ కాయా కాడా ప్రేమగా చూసినవారికే మొక్క తన పేరు చెబుతుంది.