సుబేదారు గారి తుపాకీకి వెంట్రుకవాసి

బస్తీలో ఉన్న తెలివంతా తమ లేతు మిషను షెడ్డులోనే ఉందని గవరయ్యకి గట్టి నమ్మకం. తమ్ముడు పైడయ్యకి అంతకన్నా గట్టి నమ్మకం. మిగతా జనం ఎలా బతుకుతున్నారా అని ఇద్దరూ జాలిపడేవారు.

ఒకరోజు రిటైరైన సుబేదారు గారు వచ్చారు. "నా తుపాకీ పేల్చితే వెనక్కి తంతోందయ్యా. గొట్టం మూతికి తొడుగొకటి చెయ్యండి. పక్కల కన్నాలుంటే పొగ అటు పోయి తన్ను తగ్గుతుంది. నడిమి బెజ్జం మాత్రం తూటా కన్నా వెంట్రుకవాసి పెద్దదుండాలి. బిగుతైతే తూటా రాసుకుంటుంది, వదులైతే తన్ను తగ్గదు" అని చెప్పి, కొలతకో ఉత్త తూటా ఇచ్చి వెళ్ళారు.

గవరయ్య పెళ్ళాం నూకాలు అంతా వింది. "మావా, ఇదీ చెడగొట్టావో, పుట్టింటికి పోతాను!" అని లోపలికెళ్ళి పడుకుంది. గవరయ్య గబగబా కొలతకి దిగాడు. నూకాలు లేని ఇల్లు ఇల్లేనా!

"వెంట్రుక కావాల్రా పైడీ!"

గవరయ్యది బట్టతల. పైడయ్యది ఉంగరాల జుట్టు.

"నాది వద్దన్నయ్యా, బెజ్జం వంకరొస్తుంది."

ఇంకేముంది, నిద్రపోతున్న నూకాలు తల్లోంచి ఒకటి పీకారు. నల్లది. సరిచూద్దామని ఇంకోటి పీకారు. తెల్లది!

"ఏది కొలవాలన్నయ్యా?"

"జడంతా కొలిస్తే ఏ వెంట్రుకకీ అన్యాయం జరగదు."

అంతే, కత్తెర ఆడింది. తూటా పక్కన జడ పెట్టి కొలిచి మరీ తొలిచారు.

సాయంత్రం సుబేదారు గారు బెజ్జంలో నాలుగు వేళ్ళూ దూర్చి చూశారు. "ఏంట్రా ఇది! ఈ సందు తగ్గించండి!"

"దానికేం భాగ్యమండీ!" అంటూ గవరయ్య తూటాని నడిమిన నిలబెట్టి, చుట్టూ జడని కూరేశాడు. "చూడండి, తూటాకీ తొడుగుకీ మధ్య వెంట్రుకలే!"

సుబేదారు గారు నెత్తి బాదుకుంటూ కేకలేశారు. ఆ కేకలకి లేచిన నూకాలు తల తడుముకుంటూ వచ్చింది. తొడుగులో తన జడ చూసుకుని లబోదిబోమంది.

"ఓరి నీ తెలివి తగలెయ్య! పుట్టింటికి పోదామన్నా ఈ తలతో ఎలా పోను మావా?"

గవరయ్యకి ప్రాణం లేచొచ్చింది. "విన్నారా బాబుగారూ! నూకాలు పోవట్లేదు. అంటే పని చెడలేదన్నమాటే!" అని చిందులేశాడు. అంతలోనే మొహం వాడిపోయింది.

"పైడీ! జుట్టు పెరిగితే మీ వదిన వెళ్ళిపోతుందిరా! ఆ కత్తెరకి పదును పెట్టు!"