రంగుల కేసెట్టు, పొడి పీక

రండర్రా, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. కొండమ్మా, చెల్లెల్ని ఒళ్ళో పెట్టుకో, దానికీ వినపడాలి. ఆ మూల గుసగుసలు ఆగితే మొదలుపెడతాను.

మన పల్నాటి వైపు ఒక ఊళ్ళో షేక్ సైదావలి గారని నాదస్వర విద్వాంసులు ఉండేవారు. తెల్లవారుజామున నమాజు చేసుకుని, ఆ వెంటనే గుళ్ళో మేలుకొలుపు ఊదడానికి వెళ్ళే మనిషి. ఆయన దగ్గర పదేళ్ళుగా నేర్చుకుంటున్న శిష్యుడు కోటిలింగం. అప్పటికే పెళ్ళిళ్ళకు సొంతంగా మేళం కట్టేవాడు.

ఆ కోటిలింగానికి ఒక బాధ వచ్చిపడింది. విశాఖపట్నం ఓడరేవులో పనిచేసే స్నేహితుడు అతనికో కేసెట్టు ఇచ్చాడు. మీరు చూసి ఉండరు. అరచేతిలో పట్టే డబ్బా. లోపల సన్నటి టేపు, రెండు వైపులా పాటలు. దీని అట్ట మీద ఊదారంగు చెట్లు, కళ్ళున్న మబ్బులు. ఏ దేశం వాళ్ళు పాడారో, అది ఏ భాషో తెలియదు. గంటలు చివరి నుంచి మొదటికి మోగుతాయి. సైకిలు చక్రం తిరిగీ తిరిగీ తంబురా అయిపోతుంది. నీళ్ళ అడుగు నుంచి పాడినట్టు ఒక ఆడమనిషి గొంతు, జోలపాటలాంటిది, ఈ పక్క స్పీకర్లో మొదలై ఆ పక్క స్పీకర్లోకి నడిచి వెళ్ళిపోతుంది.

మొదటిసారి విన్నరోజు కోటిలింగం అన్నం తినడం మరిచిపోయాడు. లోకంలో ఇలాంటిది ఒకటుందని అందరికీ చెప్పాలనిపించింది. ఇంట్లో పెట్టాడు, టీ కొట్లో పెట్టాడు. ఎవరూ రెండో పాట దాకా కూర్చోలేదు. చివరికి మేళంలో పక్కనే కూర్చుని డోలు వాయించే అంకారావు కూడా లేచిపోయాడు.

"నీ కేసెట్టు కంటే నువ్వే ఎక్కువ మోగుతున్నావు బావా! నీకో దణ్ణం, నన్నొదిలెయ్" అన్నాడు.

"డోలు పక్కన మొద్దుబారిన చెవులు నీవి. ఇవేం ఎక్కుతాయిలే" అన్నాడు కోటిలింగం.

ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

కోటిలింగం బట్టలు సంచీలో సర్దుకున్నాడు. గురువుగారికి కూడా నచ్చకపోతే మేళం మానేసి పట్నం వెళ్ళిపోదామని, అక్కడైనా ఈ పాటల విలువ తెలిసినవాళ్ళు దొరుకుతారని. ఒక మధ్యాహ్నం ఒక చేత్తో సంచీ, ఇంకో చేత్తో టేపురికార్డరు పట్టుకుని వచ్చి గురువుగారి అరుగు ముందు నిలబడ్డాడు.

సైదావలి గారు పీకలు చెక్కుతున్నారు. పీకంటే నాదస్వరం కొసన పెట్టి ఊదే చిన్న రెల్లు ముక్క. పొడిగా ఉంటే పలకదు. నోట్లో పెట్టుకుని చాలాసేపు తడపాలి.

"గురువుగారూ, ఇది మీరు వినాలి. మీకూ నచ్చలేదంటే నేనీ ఊళ్ళో ఉండను."

"పోదువుగానిలే. ముందు పెట్టు."

గంటలు మోగాయి. "చూడండి, ఇప్పుడు చక్రం వస్తుంది" అన్నాడు కోటిలింగం. చక్రం వచ్చింది. "విన్నారా? తంబురా అనుకునేరు, చక్రమండీ అది!" ఆపాడు, వెనక్కి తిప్పాడు, మళ్ళీ వినిపించాడు. "ఇక్కడ డప్పు ఎలా కరిగిపోతుందో చూడండి... ఇదిగో, ఇక్కడ కాసేపు ఏమీ ఉండదు, ముందుకు తిప్పేస్తాను, అసలు పాట తర్వాత ఉంది..."

సైదావలి గారు చాకు పక్కన పెట్టారు. అప్పుడే చెక్కిన పీకను చొక్కా అంచుకు తుడిచి శిష్యుడికి అందించారు.

"కోటీ, సాయంత్రం గుళ్ళోకి ఇది కావాలి. నోట్లో పెట్టుకుని కాస్త తడుపు నాయనా. పళ్ళు తగలనివ్వకు, చీలుతుంది. నేనడిగిందాకా తియ్యకు. ఆ టేపు మొదటికి తిప్పు."

గురువు మాట. పీక నోట్లో పెట్టుకున్నాడు.

గంటలు మోగాయి. 'ఇదిగో' అనబోయాడు. నోట్లో పీక. చక్రం తిరిగింది. 'విన్నారా' అనబోయాడు. నోట్లో పీక. సైదావలి గారు కళ్ళు మూసుకున్నారు. వేళ్ళు మోకాలి మీద, నాదస్వరం రంధ్రాల మీద కదిలినట్టే కదులుతున్నాయి.

ఆ ఏమీలేని చోటు వచ్చింది. కోటిలింగం చెయ్యి అలవాటుగా మీట మీదికి పోయింది. గురువుగారు కళ్ళు తెరవకుండానే ఆ మణికట్టు పట్టుకున్నారు.

చేసేదేమీ లేక విన్నాడు.

అక్కడ ఏమీ లేకపోవడం కాదు. వెనకటి పాట చివరి శబ్దం ఇంకా అయిపోలేదు. నూలుపోగులా సాగుతోంది, సన్నబడుతోంది, ఇంకా సన్నబడుతోంది. అది ఎక్కడ ఆగిందో, చూరులో పిచ్చుకల చప్పుడు ఎక్కడ మొదలైందో తెలియలేదు. అప్పుడు, ఆ కేసెట్టులో, ఎవరో మెల్లగా ఊపిరి తీసుకున్నారు.

ఊదే మనిషికి ఆ ఊపిరి తెలుసు. పాట అందుకునే ముందు గుండెల నిండా తీసుకునే ఊపిరి. ఎక్కడో సముద్రాల అవతల, పేరు తెలియని ఒక ఆడమనిషి, ఆ అరుగు మీద వాళ్ళిద్దరి మధ్య కూర్చుని తీసుకున్నట్టే తీసుకుంది.

తర్వాత పాడింది.

కోటిలింగం నలభైసార్లు పెట్టిన కేసెట్టది, ఆ ఊపిరి ఒక్కసారీ వినలేదు. పక్కకి చూశాడు. గురువుగారి వేళ్ళు మోకాలి మీద ఆగిపోయి ఉన్నాయి. డెబ్బై ఏళ్ళ మనిషి, పసివాడిలా నోరు తెరుచుకుని వింటున్నారు.

టేపు అయిపోయి మీట టక్కున పైకి లేచింది. కోటిలింగం పీక చేతిలోకి తీసుకున్నాడు.

"గురువుగారూ, ఆవిడ..."

"రెండో పక్క కూడా ఉందిగా" అన్నారు సైదావలి గారు, కళ్ళు తెరవకుండానే.

కోటిలింగం కేసెట్టు తిప్పి పెట్టాడు. పీక మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు.

మర్నాడు అతను అంకారావు గుమ్మం ముందు టేపురికార్డరు దించాడు. బట్టల సంచీ గురువుగారి అరుగు మీదే మరిచిపోయాడు.

"మళ్ళీ తెచ్చావా బావా!" అన్నాడు అంకారావు. "సరే కానీ. ఎక్కడెక్కడ ఆశ్చర్యపోవాలో ముందే చెప్పెయ్, అన్నిటికీ ఒకేసారి ఆశ్చర్యపోతాను."

కోటిలింగం పక్కన చోటు చేసుకుని కూర్చున్నాడు. జేబులోంచి పొడి పీక ఒకటి తీసి నోట్లో పెట్టుకుని, మీట నొక్కాడు.

ఏం కొండమ్మా, రెండో పక్క ఏముందంటావా? చెల్లెలు నిద్రకు తూగుతోంది చూడు. పొండర్రా, పొండి. అమ్మలు కంచాలు పెట్టుకుని చూస్తుంటారు, వేడి చల్లారకముందే అన్నాలు తినండి.