బర్నబా విస్తరి

"చెల్లికి నా కిడ్నీ నేనిస్తాను. మీరెవరూ దిగులు పడకండి" అని బర్నబా గుడిలో అందరి ముందూ నిలబడి మాటిచ్చాడు. తీరా ఆపరేషన్ రోజు పొద్దున్నే ఆసుపత్రి నుంచి మాయమయ్యాడు. కెజియా చనిపోయింది. చెల్లెలి సమాధి మీద పిడికెడు మట్టి వెయ్యడానికి కూడా వాడు రాలేదు.

తమ్ముడు ఫిలేమోను గుండెలో ఆ మంట ఆరలేదు. అతను గుడి పాస్టరు దేవవరం అయ్యగారి దగ్గర శిష్యుడు. బాగా చదువుకున్నవాడు, నోరు తెరిస్తే మాట కంటే ముందు నినాదం వచ్చేది. గుడ్ ఫ్రైడేకి ముందొచ్చే మట్టల ఆదివారంనాడు అయ్యగారు, చివరికి ఒక్క ఆత్మ కూడా తప్పిపోదని, దేవుడు అందరినీ ఇంటికి చేర్చుకుంటాడని ప్రసంగించారు. ఫిలేమోను ఉండబట్టలేక గుడి మెట్ల మీదే ఆయన్ని నిలదీశాడు.

"అందరూ అంటే మా బర్నబా కూడానా, అయ్యగారూ? శిక్ష లేని క్షమాపణ పిరికివాళ్లకిచ్చే బిరుదు! న్యాయం లేని పరలోకం నాకక్కర్లేదు!"

"గొంతు బాగుంది అబ్బాయ్. శుక్రవారం బంతికి విస్తళ్లు నువ్వే వెయ్యి" అన్నారాయన. వాదించడం ఆయనకు అలవాటు లేదు.

గుడ్ ఫ్రైడే ఆరాధన ముగిశాక ఉపవాసం విడవడానికి ఆ పేటవాళ్లంతా గుడి ఆవరణలో ఒకే బంతిగా కూర్చుంటారు. పిల్లలకు ముందే పెట్టేస్తారు. పెద్దవాళ్ల సంగతి వేరు. పేటలో పుట్టి, ఆ రోజు ఊళ్లో ఉన్న ప్రతి మనిషికీ విస్తరి పడాలి. ఒక్క విస్తరి ముందు మనిషి లేకపోయినా అన్నం గుండిగ మూత తియ్యరు.

ఆ శుక్రవారం పొద్దున బర్నబా బస్సు దిగాడని పేటంతా గుప్పుమంది. వాడు గుళ్లోకి రాలేదు. ఎదురుగా కల్వర్టు మీద తల వంచుకుని కూర్చున్నాడు. ఫిలేమోను కావాలనే ఒక విస్తరి తక్కువ వేశాడు. విస్తరే లేకపోతే లోటు ఎవరికి కనపడుతుందిలే అనుకున్నాడు.

బంతిలో కూర్చోబోతున్న తల్లి రాహేలమ్మ ఆ చివర నుంచి ఈ చివరికి చూసి, నిలబడిపోయింది.

"వాడిదేదిరా?"

"నీ కూతుర్ని చంపినవాడికి విస్తరా? అప్పుడే క్షమించేశావా అమ్మా?"

"క్షమించలేదురా. నా వల్ల అవుతుందో లేదో కూడా తెలీదు. విస్తరి మాత్రం వెయ్యి."

విసురుగా వేశాడు. వంటల మోషే కల్వర్టు దాకా వెళ్లి, ఒక్కడే తిరిగొచ్చాడు.

"ఏ మొహం పెట్టుకుని రానూ అంటున్నాడండీ. ఎంత బతిమాలినా లేవట్లేదు. పెళ్లివిందులో పప్పు మాడ్చినప్పుడు నేను కూడా ఇంత సిగ్గుపడలేదు."

ఎవరూ నవ్వలేదు. ఎండ వాలింది. "బీపీ మాత్ర వేసుకోవాలయ్యా, ఇంకెంతసేపు?" అని ఒక పెద్దాయన సణిగి, పక్కనున్న భార్య చూపు చూసి ఊరుకున్నాడు. గాలి లేచింది. ఎవరి విస్తరిని వాళ్లు అదిమి పట్టుకున్నారు. రాహేలమ్మ ఒక చేత్తో తన విస్తరినీ, రెండో చేత్తో పక్కనున్న ఖాళీ విస్తరినీ పట్టుకుని కూర్చుంది. కల్వర్టు వైపు ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

ఫిలేమోను చూడలేకపోయాడు. గబగబా అయ్యగారి దగ్గరికొచ్చాడు.

"మూత తియ్యండి అయ్యగారూ. వాడి కోసం మా అమ్మ పస్తుండాలా? ఇదెక్కడి న్యాయం?"

"మూత తియ్యడానికి ఎంతసేపు, అబ్బాయ్" అన్నారు దేవవరం అయ్యగారు. "ముందు మీ అమ్మ తింటుందేమో అడుగు. వాడు బయట కూర్చునుంటే, రేపు పరలోకంలోనైనా ఆవిడకు ముద్ద దిగుతుందేమో అదీ అడుగు. ఈస్టర్ ఆదివారం తెల్లవారేలోపు నాకు జవాబు కావాలి."