నెట్టే అయస్కాంతం

అనగనగా ఒక ఊళ్ళో, మనుషులకంటే కుట్టుమిషన్లే నెమ్మదిగా మాట్లాడే దర్జీల వీధి ఒకటి ఉండేది తల్లీ. అక్కడ గురవయ్య కూతురు మంజీర. రంగుల క్యూబు చేతికిస్తే, ఒక్కో ముఖం ఒక్కో రంగయ్యేలా చకచకా సర్దేసేది. ఇరవై సెకన్ల లోపల సర్దితే జిల్లా పోటీకి పంపుతామన్నారు బడిలో. దాని పాత క్యూబేమో, గబగబా తిప్పితే మధ్యలో ఇరుక్కుపోయేది.

అప్పుడు గురవయ్య దుకాణంవాణ్ణి బతిమాలి మూడు క్యూబులు తెచ్చాడు, నచ్చింది ఉంచుకోవచ్చని. మూడింటి కడుపులోనూ అయస్కాంతాలే. ఒకదానిలో మూలల్లో మాత్రం చిన్నవి. ఇంకోదానిలో మూలలతోపాటు నడుమ కూడా. తిప్పితే టక్కున వచ్చి కూర్చునేది. మూడోదానిలో ముక్కల్ని బిగించి ఉంచే స్ప్రింగులే లేవు. వాటి బదులు, ఒకదాన్నొకటి నెట్టుకునే అయస్కాంతాలు.

ఆ మాట విని మంజీర మేనత్త కామాయమ్మ నిర్ఘాంతపోయింది.

"అయస్కాంతమన్నాక పట్టుకోవాలి గానీ, నెట్టడమేమిటే, మీ మామయ్యలాగా?"

మామయ్య అక్కడే కాజాలు కుడుతున్నాడు. ఇంకో కాజా మొదలెట్టాడు.

ఆ తర్వాత వీధంతా చేరి క్యూబుల్ని గుండుసూదుల పళ్ళెంలో దొర్లించింది. టక్కున కూర్చునేదానికే ఎక్కువ సూదులు అంటుకున్నాయి. అదే మేలైనదని తీర్పయింది. అల్లుణ్ణి ఎంచేటప్పుడు కూడా ఆ వీధిలో అంత విచారణ జరగదు.

చూడ్డానికి వీధంతా బడికి వెళ్ళింది, క్యూబుల సంచి కామాయమ్మ చేతిలో. అక్కడ మూడు అవకాశాలిచ్చారు. మొదటిసారి మంజీర సూదులు గెలిచిన క్యూబు పట్టింది. వేళ్ళు ముందుకి పోతే, క్యూబు ప్రతి మలుపులో ఆగి కూర్చుంది. ఇరవై దాటింది. రెండోసారి మూలల్లో మాత్రమే ఉన్నది పట్టింది. అది మలుపు దాటిపోయి అడ్డంగా ఇరుక్కుంది. మళ్ళీ ఇరవై దాటింది.

అప్పుడు మంజీర చెయ్యి చాపింది. "అత్తా, ఆ నెట్టేది ఇవ్వు."

కామాయమ్మ సంచి ఒళ్ళోకి లాక్కుంది. "పరువు పోతుందే."

"రెండుసార్లు పోయిందిగా. ఇవ్వు."

ఇచ్చింది. నెట్టుకునేవి ఒకదాన్నొకటి తాకవు కదా, లోపల స్ప్రింగుల రాపిడే లేదు. నూనె వేసిన మిషను చక్రంలా తిరిగింది. పంతులుగారు గడియారం చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. "పద్దెనిమిది" అన్నారు.

కామాయమ్మ నోరు తెరుచుకుంది. తెరుచుకున్న ఆ నోట్లోంచి మాట రాకపోవడం ఆ వీధి చూడటం అదే మొదలు. అందరూ మంజీరని వదిలేసి ఆవిణ్ణే చూస్తూ నిలబడ్డారు.

ముఖం ముఖానికి రంగొచ్చె,
కథ కంచికి బండెక్కె;
అత్త నోరు తెరుచుకునె,
నీ కళ్ళిక మూసుకొనె.