వీపు చూపిన నటుడు

అనగనగా అంటే యుగాల నాటి ముచ్చట కాదు, సినిమాకి ఇంకా మాటలు రాని రోజుల ముచ్చట. రత్నాలపురం జమీందారీలో ఇద్దరు ప్రాణస్నేహితులు ఉండేవారు. తవిటినాయుడు నాటకాలు ఆడేవాడు. సాంబమూర్తి బొమ్మలు తీసి తెర మీద ఆడించేవాడు.

తవిటినాయుడు గొంతెత్తితే ఆఖరి వరుసలో చాప మీద కునికే అవ్వ కూడా లేచి కూర్చునేది. ఆ సంగతి ఆయనకీ తెలుసు, కాస్త ఎక్కువగానే తెలుసు.

ఒకనాడు జమీందారు ఇద్దరినీ పిలిపించాడు.

"కొత్త రంగశాల కట్టించాను. నాటకానికివ్వాలా, సినిమాకివ్వాలా? ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా."

"ఇద్దరం కలిసే ఆడతాం ప్రభూ" అన్నాడు తవిటినాయుడు తడుముకోకుండా.

"సరే. దసరాకి మూడు రోజులిస్తున్నాను. జనం మెచ్చితే శాల ఇద్దరిదీ. మెచ్చకపోతే ఇద్దరూ వేరే ఊరు చూసుకోండి."

తప్పిపోయిన కొడుకు దొరికిన రాజు కథ ఎంచుకున్నారు. రాజు తవిటినాయుడే.

మొదటి రోజు సినిమా. "నటన సంగతి నాకొదిలెయ్యి" అని తవిటినాయుడు కెమెరా ముందు సింహంలా గర్జించాడు. తెర మీద గర్జన వినిపించదు కదా, జానెడు నోరు మాత్రం తెరుచుకుంది. పిల్లలు పడీపడీ నవ్వారు.

రెండో రోజు నాటకం. "ఈసారి నా మాట విను. కేకలొద్దు, కంట ఒక్క బొట్టు చాలు" అన్నాడు సాంబమూర్తి. బొట్టు రాలింది. మూడో వరుస దాటి ఎవరికీ కనబడలేదు. "రాజుగారు నిద్దరోయాడా నాయనా?" అని అవ్వ పక్కవాణ్ణి అడిగింది. జనం చాపలు చుట్టేశారు.

తవిటినాయుడికి తల కొట్టేసినట్టయింది. అయినా స్నేహితుణ్ణి తిట్టలేదు.

"ఒరే సాంబా, నిన్న నా గొంతు పోయింది, ఇవాళ నా కన్నీరు పోయింది. రెండూ దక్కే దారి చూడు."

"దారుంది నాయుడూ, నువ్వే ఒప్పుకోవు. వేదిక వెనక తెర కడతాను. కొడుకు దొరికే ఘట్టంలో తెర మీద నీ మొహం వేస్తాను. ఆ పెదవులు చూస్తూ నువ్వు పద్యం పాడాలి. అంటే జనానికి వీపు పెట్టాలి."

 వేదిక మీద ప్రాణం పోయినా జనానికి వీపు చూపకూడదని తవిటినాయుడికి గురువు నేర్పాడు. ముప్పై ఏళ్లలో ఆ నియమం ఒక్కసారీ తప్పలేదు.

చివరికి అన్నాడు: "గురువుగారు జనాన్ని చిన్నబుచ్చవద్దన్నారు. వాళ్ళకి నా కన్నీరు చూపిస్తే చిన్నబుచ్చినట్టెలా అవుతుంది? పొద్దున్నే తియ్యి."

పొద్దున తీసిన బొమ్మ సాయంత్రానికి సిద్ధమైంది. నాటకం సాగింది. ఆ ఘట్టం రాగానే రాజు గిరుక్కున వెనక్కి తిరిగాడు. శాలంతా గుసగుసలు.

అంతలో తెర వెలిగింది. నిలువెత్తు మొహం, దాని మీద జారే కన్నీరు. ఆ పెదవులు కదిలినట్టే తవిటినాయుడి గొంతు లేచింది. ఆఖరి వరుసలో అవ్వ నిలబడి, పైటచెంగుతో కళ్ళొత్తుకుంటూ, "దొరికాడమ్మా బిడ్డ" అంది.

జమీందారు తాళాలు తెచ్చి ఇద్దరి చేతుల్లో కలిపి పెట్టాడు. "కత్తులనుకున్నాను. జోడెద్దులని తెలీలేదు" అన్నాడు.

తోటివాడి విద్యకు చోటిచ్చినవాడి విద్యే ఆఖరి వరుస దాకా చేరుతుంది.